తొమ్మిదో నంబరు సౌండ్ కార్డు

మా ఆఫీసు పేరు ప్రాంతీయ అర్జీల శ్రవణ సంస్థ. బోర్డు చూసి సంగీతం నేర్పుతారనుకుని ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు కూడా. అదేం కాదు. జనం వచ్చి కష్టం చెప్పుకుంటారు, మేము వింటాం, విన్నట్టు చీటీ ఇస్తాం. కష్టం తీర్చడం వేరే శాఖ పని. ముప్పై ఒక్క ఏళ్లుగా ఈ ఊళ్లో నేను వింటూనే ఉన్నాను. నా పేరు ఉరుకుందమ్మ, సీనియర్ అసిస్టెంటుని. రిటైర్మెంటుకు రెండేళ్లుంది కాబట్టి ఎవరి గొడవలోనూ తల దూర్చకూడదని అనుకున్నాను. అట్లా అనుకున్న వాళ్ల తలే ముందు ఇరుక్కుంటుంది.

మా ఆఫీసులో నిజంగా వినే మనిషి ఒక్కడే, మద్దిలేటి. పుట్టుకతోనే చూపు లేదు. టెలిఫోన్ బూత్ నడుపుకునేవాడు. అది మూతబడ్డాక మూడేళ్లు తిరిగితే ఈ జూనియర్ అసిస్టెంటు ఉద్యోగం దొరికింది. అతని కంప్యూటర్లో ఒక సాఫ్ట్‌వేర్ ఉంది, తెర మీద ఏముంటే అది పైకి చదువుతుంది. మద్దిలేటి ఇయర్‌ఫోన్లు పెట్టుకుని విని, చూపున్న మా అందరికంటే రెండింతల వేగంతో టైపు చేస్తాడు. ప్రొబేషన్ నవంబరు ముప్పైతో ముగుస్తుంది. ఆ లోపు కంప్యూటర్ పరీక్ష పాసైతే ఉద్యోగం ఖాయం. తప్పితే ఇంటికి పంపించేస్తారు. ఆ పరీక్షంటే అతనికేమీ భయం లేదు, సెప్టెంబరు దాకా.

సెప్టెంబరులో మా సంచాలకులు చిదంబరేశ్వరరావు గారు రాజధానిలో ఒక సదస్సుకు వెళ్లొచ్చారు. సదస్సుకు వెళ్లిన అధికారికీ, తిరునాళ్లకు వెళ్లిన పిల్లవాడికీ తేడా ఒక్కటే. పిల్లవాడు తెచ్చిన బూర వాడే ఊదుకుంటాడు. మా సార్ తెచ్చినదాన్ని మేమంతా ఊదాలి.

"అర్జీదారుడు మన గుమ్మంలో అడుగుపెట్టిన క్షణాన అతనికి వినిపించవలసినది ఏమిటి? ఫ్యాను చప్పుడా? కాదు. స్వాగతం!" అన్నారు మీటింగులో. "ఇందునిమిత్తం పద్నాలుగు కంప్యూటర్లకూ అధునాతన సౌండ్ కార్డులు అమర్చబడును. ప్రతి యంత్రమూ తెరిచిన వెంటనే 'నమస్కారం, మీ అర్జీ మాకు శిరోధార్యం' అని పలుకును. దీనికి శ్రవణ నవోదయం అని నామకరణం చేయడమైనది."

మద్దిలేటి లేచి నిలబడ్డాడు. "సార్, నా దాంట్లో పాత కార్డు బాగానే పలుకుతాండాది. దాన్ని వదిలెయ్యండి సార్."

"ఏకరూపత ముఖ్యం నాయనా," అన్నారు సార్. "పదమూడు పలికి ఒకటి పలకకపోతే వివక్ష అంటారు."

అట్లా వివక్ష లేకుండా పద్నాలుగు కార్డులూ మార్చారు. పాతవాటిని రిజిస్టర్లో కొట్టేసి, పనికిరానివిగా ప్రకటించి, గోనెసంచిలో మూటగట్టి స్టోరు రూములో పడేశారు. స్టోరు చూసే ఖాజా హుస్సేన్ భాయ్ ఆ మూట మీద 'లేనివి' అని చాక్‌పీసుతో రాశాడు. ఆయన రాసేది ఎప్పుడూ ఖచ్చితంగా ఉంటుంది.

మర్నాడు మద్దిలేటి కంప్యూటర్ తెరిచాడు. అది నమస్కారం పెట్టింది. ఆ తర్వాత చదవాలి కదా, చదవలేదు. మళ్ళీ నమస్కారం పెట్టింది. గంటసేపు పెడుతూనే ఉంది. స్వాగతం చెప్పే సాఫ్ట్‌వేరు, చదివి చెప్పే సాఫ్ట్‌వేరు, రెండూ ఒకే సౌండ్ కార్డు కోసం పోటీ పడుతున్నాయి. ముందు పట్టుకున్నది రెండోదానికి వదలడం లేదు. స్వాగతమే ప్రతిసారీ ముందు పట్టుకుంటోంది. సర్కారు సాఫ్ట్‌వేరు మరి, కుర్చీ దొరికితే లేస్తుందా?

కంపెనీ ఇంజినీరు యుగంధర్ వచ్చాడు. మెడలో కార్డు, చేతిలో బ్యాగు. కంప్యూటర్ను ఆపి మళ్ళీ తెరిచాడు. "మా కార్డు అమోఘంగా ఉంది మేడం. తప్పంతా సాఫ్ట్‌వేరుది," అని సంతకం పెట్టించుకుని పోయాడు. సాఫ్ట్‌వేరు కంపెనీ మనిషి వచ్చాడు. ఆయనా ఆపి మళ్ళీ తెరిచాడు. "మా సాఫ్ట్‌వేరు వజ్రం మేడం. తప్పంతా కార్డుది," అని ఆయనా సంతకం పెట్టించుకున్నాడు. రెండు సంతకాలూ నావే.

ఎవరూ బాగుచేయలేదు గానీ, మద్దిలేటే ఒక దారి కనిపెట్టాడు. ఏడెనిమిది సార్లు ఆపి తెరిస్తే ఒక్కోసారి చదివే సాఫ్ట్‌వేరు ముందుగా కార్డును పట్టుకుంటుందట. అందుకని రోజూ అందరికంటే రెండు గంటల ముందొచ్చి, ఆపుతూ తెరుస్తూ కూర్చునేవాడు.

"బూత్ నడిపినప్పుడు లైను కలిసేదాకా ఇట్లనే కూచునేటోన్ని అక్కా. అలవాటే," అనేవాడు నవ్వుతూ.

ఇంకో తంటా ఉంది. కొత్త కార్డుతో కంపెనీ ఇచ్చిన ఇయర్‌ఫోన్ల తీగ మూరెడు. వేరే తీగ తగిలిస్తే వారంటీ పోతుందని కాగితంలో రాసుంది. తీగ గుచ్చే రంధ్రం కంప్యూటర్ పెట్టె వెనక వైపు ఉంది. అందుకని మద్దిలేటి పెట్టెను వెనక్కి తిప్పి, దాని ముఖం గోడకూ వీపు తనకూ ఉండేలా పెట్టుకున్నాడు. చూసేవాళ్లకు వింతగా ఉండేది గానీ అతనికి సరిపోయింది.

దసరా ముందు యుగంధర్ మళ్ళీ వచ్చాడు. "కార్డు సాఫ్ట్‌వేరు పాతబడిపోయింది మేడం, కొత్తది ఎక్కిస్తా," అన్నాడు. ఆ కార్డు వచ్చి నెల కూడా కాలేదు. ఎక్కించాడు. కంప్యూటర్ పూర్తిగా మూగబోయింది. నమస్కారం కూడా పోయింది. పండగ తర్వాత వచ్చి చూస్తానని బ్యాగు సర్దుకున్నాడు.

ఈలోగా ఆయుధపూజ వచ్చింది. 'కార్యాలయమందలి ప్రతి యంత్రమునకు విధిగా పూజ జరుపవలెను' అని సార్ సర్క్యులరు ఇచ్చారు. ఆ పని ఏటా నాదే. కత్తెర, స్టేప్లరు, జీపు, కంప్యూటర్లు, అన్నిటికీ పసుపు రాసి కుంకుమ పెట్టాను. తొమ్మిదో నంబరు, అంటే మద్దిలేటి పెట్టె దగ్గరికొచ్చేసరికి నాకు ఎదురుగా ఏ వైపుంటే ఆ వైపు నాలుగు వేళ్లతో నిండుగా పెట్టాను. మూగదానికి మాట రావాలని మొక్కుకుని, రవ్వంత ఎక్కువే పెట్టాను.

పండగ వెళ్లిన నాలుగో రోజు యుగంధర్ వచ్చి, వంగి చూసి, పాము కనపడ్డట్టు వెనక్కి జరిగాడు.

"మేడం! సీలు మీద ఇదేంటి?"

"బొట్టు నాయనా."

"వారంటీ సీలు మీద బొట్టా? సీలు నంబరు కనిపించట్లేదు. నంబరు కనిపించకపోతే వారంటీ లేదు." ఫారం తీసి రాయడం మొదలుపెట్టాడు. పరాయి పదార్థం: పసుపు, కుంకుమ. ద్రవ ప్రవేశం: గంధం, కొబ్బరినీళ్లు, అనుమానం. కారణం: వినియోగదారుడి నిర్లక్ష్యం.

"నిర్లక్ష్యం కాదు, భక్తి," అన్నాను.

"ఫారంలో భక్తికి గడి లేదు మేడం," అన్నాడు పాపం, నిజాయితీగానే.

వెంటనే నాకు మెమో వచ్చింది. బొట్టు ఎవరు పెట్టారు, ఎవరి ఉత్తర్వుతో పెట్టారు, ఎందుకు పెట్టారు. మీ సర్క్యులరు ప్రకారమే పెట్టానని రాశాను. సార్ ఇబ్బందిలో పడ్డారు. సర్క్యులరు తప్పనలేరు, కంపెనీదీ తప్పనలేరు. ఇట్లాంటప్పుడు ఎవరైనా చేసే పనే ఆయనా చేశారు, ముగ్గురితో కమిటీ వేశారు.

కమిటీ ముందున్న ప్రశ్న: బొట్టు నుదుట పెట్టడం ఆచారం కదా, మరి కంప్యూటర్ పెట్టెకు నుదురు ఎక్కడ? పదకొండు రోజులు చర్చించారు. మీట ఉన్న వైపు ముఖమని ఒకరు, గాలి వదిలే వైపు ముక్కుంటుంది కాబట్టి అదే ముఖమని ఇంకొకరు. చివరికి నివేదిక ఇచ్చారు. 'మీట గల పార్శ్వమే ముఖమని, తత్పైభాగమే లలాటమని కమిటీ ఏకగ్రీవంగా భావించుచున్నది. ప్రస్తుత సందర్భమున బొట్టు వీపునందు పెట్టబడినది. సర్క్యులరు సక్రమము. అమలు అక్రమము.'

అంటే తప్పు నాది. కొత్త కార్డు కొనడానికి ఏడాది పడుతుంది. వేరే కంప్యూటర్లోది తీసి పెడితే దాని వారంటీ కూడా పోతుంది. పరీక్షకు పద్దెనిమిది రోజులుంది. మద్దిలేటి ఖాళీ ఇయర్‌ఫోన్లు చెవులకు పెట్టుకుని, మూగపెట్టె ముందు చేతులు ముడుచుకుని కూర్చుంటున్నాడు. అట్లా చూస్తుంటే నాకు అన్నం సయించలేదు. నా చేత్తోనే కదా బొట్టు పెట్టింది!

"సంచిలో పాత కార్డుండాది కదా భాయ్, ఇచ్చెయ్," అన్నాను ఖాజా హుస్సేన్‌తో.

"ఎట్ల ఇయ్యల్ల ఉరుకుందమ్మా? కొట్టేసిన సామాను. రిజిస్టర్లో అది ల్యా. లేనిదాన్ని నేను సంతకం పెట్టి ఎట్ల ఇస్తా?" అన్నాడు ఆయన తలుపుకు తాళం వేస్తూ.

నేను సార్ దగ్గరికి వెళ్లి గట్టిగానే అడిగాను. "సార్, ఆ పిల్లోని ఉద్యోగం పోతాది. ఏదో ఒకటి చెయ్యండి."

సార్ కళ్లు మూసుకుని ఆలోచించారు. కళ్లు తెరిచాక మొహంలో సదస్సు నాటి వెలుగు కనిపించింది. సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది.

'తొమ్మిదవ నంబరు యంత్రపు సౌండ్ కార్డు నిరుపయోగమగుటకు బాధ్యులైన శ్రీమతి ఉరుకుందమ్మ, సీనియర్ అసిస్టెంటు, తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు సదరు యంత్రమునకు తాత్కాలిక సౌండ్ కార్డుగా నియమింపబడినారు. తెరపై గల విషయమును యథాతథముగా పఠింపవలెను. స్వీయ వ్యాఖ్యానము నిషిద్ధము. యంత్రము తెరచిన తోడనే స్వాగత వచనము పలుకవలెను.'

ఖాజా భాయ్ స్టాకు రిజిస్టర్ తెచ్చి, తొమ్మిదో నంబరు కింద 'సౌండ్ కార్డు, 1' అన్నచోట నా పేరు రాశాడు. పరిమాణం అనే గడి దగ్గర కాసేపు ఆగి నావైపు చూసి, మర్యాదస్తుడు కాబట్టి ఖాళీగా వదిలేశాడు.

అట్లా సౌండ్ కార్డునయ్యాను. మద్దిలేటి పక్కన స్టూలేసుకుని కూర్చుని, పొద్దున్నే నమస్కారం, మీ అర్జీ మాకు శిరోధార్యం అని, సాయంత్రం దాకా తెర మీద ఉన్నదంతా చదివేదాన్ని. టీ తాగడానికి లేస్తే 'సౌండ్ కార్డు అందుబాటులో లేదు' అని రాసిన అట్టముక్క స్టూలు మీద పెట్టాలి. ఒకరోజు గొంతు పట్టేసి సెలవు అడిగితే, కార్డు చెడిపోయినట్టు ఇంజినీరు ధ్రువపత్రం తెమ్మన్నారు.

నిజం చెప్పాలంటే ఆ పద్దెనిమిది రోజులూ నాకు ఒకందుకు మేలే చేశాయి. ముప్పై ఒక్క ఏళ్లు చీటీలిచ్చిన నేను అర్జీలు పూర్తిగా చదివింది అప్పుడే. బోరు ఎండిన రైతు రాసింది, పింఛను ఆగిన ముసలమ్మ రాయించింది, అక్షరం అక్షరం పైకి చదవాల్సొచ్చింది. ఒకచోట చదవడం ఆపి ముక్కు చీదుకున్నాను.

"ఆగకక్కా," అన్నాడు మద్దిలేటి మెల్లగా. "మిషను ఏడవదు గానీ, నువ్వే బాగ చదువుతాండావు."

నవంబరు ఇరవై ఎనిమిదిన ముఖ్య కార్యాలయం నుంచి పరీక్షాధికారి వచ్చారు. కళ్లజోడు మీదుగా నన్ను చూశారు.

"ఈమె ఎవరు? పదకొండో నిబంధన ప్రకారం అభ్యర్థికి మరో వ్యక్తి సాయం నిషిద్ధం."

"ఈమె వ్యక్తి కాదండీ. సౌండ్ కార్డు," అని మా సార్ ఉత్తర్వు చూపించారు, రిజిస్టర్ చూపించారు.

పరీక్షాధికారి రెండూ చదివి, రెండుసార్లు నన్ను చూసి, "మరి టీ తాగుతోందేం?" అన్నారు. నేను గ్లాసు కింద పెట్టేశాను.

పరీక్ష జరిగింది. నేను చదివాను, మద్దిలేటి టైపు కొట్టాడు. ఒక్క తప్పు లేదు. కానీ పరీక్షాధికారి ఫలితం కింద ఒక వాక్యం తగిలించారు. 'ఉపయోగింపబడినది సౌండ్ కార్డే అని కంపెనీ ధ్రువీకరించినచో ఈ ఫలితము చెల్లును. లేనిచో మరో వ్యక్తి సాయముగా భావించి, ముప్పయ్యవ తేదీన పునఃపరీక్ష నిర్వహించబడును.'

మధ్యాహ్నానికల్లా యుగంధర్‌ను పిలిపించారు. అతను ఉత్తర్వు చూసి తల గోక్కున్నాడు. ఏ ఫారం వాడాలో తెలియక, ఉన్న ఫారమే తీశాడు. నన్ను మాట్లాడమన్నాడు, మాట్లాడాను. "ధ్వని స్పష్టం," అని రాసుకున్నాడు. తర్వాత నా మొహం చూశాడు. పెన్ను ఆగిపోయింది.

"మేడం, దీనికీ బొట్టుంది."

"ఉంది."

"బొట్టుంటే ధ్రువపత్రం ఇవ్వడం కుదరదు మేడం. పాత ఫారంలో కూడా అదే రాశాను కదా. ఒకదానికి ఒక రకంగా, ఇంకోదానికి ఇంకో రకంగా రాస్తే నా ఉద్యోగం పోతుంది."

సార్ గదిలోకి పిలిచి, ఉపాయం దొరికిన మనిషిలా చెప్పారు. "చిన్న విషయం ఉరుకుందమ్మ గారూ. లలాటమున్నది తుడిచివేస్తే సరి. ధ్రువపత్రం వస్తుంది, ఫలితం చెల్లుతుంది, శ్రవణ నవోదయం విజయవంతమవుతుంది."

మావారు పోయి ఎనిమిదేళ్లయింది. పదో రోజున అత్తగారి తరఫు ఆడవాళ్లంతా చుట్టూ చేరి, ఈ బొట్టు తుడవడానికి చెయ్యి చాపారు. వాళ్ల చెయ్యి పట్టుకుని ఆపాను. నాలుగేళ్లు నాతో ఎవరూ మాట్లాడలేదు. అయినా రోజూ పెట్టుకునే ఆఫీసుకు వచ్చాను. అప్పుడు తుడవనిది ఇప్పుడొక మూరెడు తీగ కంపెనీ కోసం తుడవాలట!

"తుడవను సార్," అన్నాను.

"ఇది ఉత్తర్వు."

"సౌండ్ కార్డు తన సీలు తాను తుడుచుకోగూడదు సార్. వారంటీ పోతాది."

బయటికొచ్చి మద్దిలేటికి చెప్పాను. నా మొండితనం వల్ల అతని ఉద్యోగం పోతుందేమోనని నాకు భయంగానే ఉంది.

"వద్దులే అక్కా, తుడవొద్దు. నాకు నువ్వు కాదు, సంచిలోది కావల్ల. అది పలికితే నేనే కొడతా, ఎవరి సాయం వద్దు," అన్నాడు.

ఖాజా భాయ్ మధ్యాహ్నం నమాజుకు పోతూ తాళంచెవి మేకుకు తగిలించి పోతాడు. పాతికేళ్లుగా అదే మేకు. మర్నాడు ఆ వేళకు నేను స్టోరు తెరిచి, 'లేనివి' అన్న సంచి విప్పాను. పద్నాలుగు కార్డులున్నాయి. ఏది తొమ్మిదోదో నాకు తెలియలేదు, అన్నీ కొంగులో వేసుకొచ్చాను. మద్దిలేటి ఒక్కొక్కటీ వేళ్లతో తడిమి, ఆరోదాని దగ్గర ఆగాడు. "ఇదే. మూల మీద చిన్న సొట్ట ఉంటాది," అన్నాడు. పెట్టె మూత తనే విప్పాడు, కొత్తది తీశాడు, పాతది కూర్చోబెట్టాడు. ఇయర్‌ఫోన్లు పెట్టుకుని మీట నొక్కాడు. పెట్టె నమస్కారం పెట్టలేదు, ఆ స్వాగతం కొత్త కార్డుతోనే పలుకుతుందట. అతని మొహం చూసే అర్థమైంది, చదువుతోందని. నాకు ఏడుపొచ్చింది, ఏడ్చాను కూడా.

ముప్పయ్యో తేదీ పరీక్షలో అతని దరిదాపుల్లో ఎవరూ లేరు. నేను ఆ మూల స్టూలు మీద నోరు మూసుకుని, బొట్టుతో కూర్చున్నాను. పరీక్షాధికారి చుట్టూ తిరిగి చూశారు. మరో వ్యక్తి సాయం లేదు. తప్పుల్లేవు. సంతకం పెట్టి బస్సు వేళయిందని వెళ్లిపోయారు. మద్దిలేటి ఉద్యోగం ఖాయమైంది.

అసలు మెమో మర్నాడొచ్చింది. స్టోరు నుంచి ప్రభుత్వ సామగ్రి అపహరించినందుకు మీపై చర్య ఎందుకు తీసుకోరాదో తెలుపుడు. విచారణకు ముందు ఖాజా హుస్సేన్‌ను పిలిచారు.

"ఏం పోయింది?" అన్నారు సార్.

ఆయన రిజిస్టర్ తిప్పి తిప్పి చూశాడు. "ఏం పోల్యా సార్. పాత కార్డులు రిజిస్టర్లో ల్యావు. లేనిది పోయిందని నేనెట్ల రాయల్ల?" నావైపు చూడలేదు గానీ, మీసం కొస కదిలింది.

తర్వాత నేను రాతపూర్వకంగా జవాబిచ్చాను. తమరి ఉత్తర్వు ప్రకారం, స్టాకు రిజిస్టర్ ప్రకారం నేను సౌండ్ కార్డును. ఒక సౌండ్ కార్డు ఇంకో సౌండ్ కార్డును దొంగిలించినట్టు నియమావళిలో ఎక్కడైనా ఉంటే చూపించ ప్రార్థన. కింద సంతకం, ఆ కింద హోదా: తొమ్మిదో నంబరు సౌండ్ కార్డు, తాత్కాలికం.

దాని మీద ఇప్పుడు కొత్త కమిటీ కూర్చుంది. నన్ను వ్యక్తి అంటే ఇరవై ఎనిమిదో తేదీన సార్ అబద్ధమాడినట్టు. సౌండ్ కార్డు అంటే చర్య తీసుకోవడానికి వీల్లేదు. కాబట్టి ఎటూ తేల్చకుండా, రెండేళ్లు చర్చించేలా ఉన్నారు. పదమూడు కంప్యూటర్లు రోజూ నమస్కారం పెడుతున్నాయి. తొమ్మిదోది మాత్రం పని చేస్తోంది.

రిజిస్టర్లో నా పేరు ఇంకా కొట్టేయలేదు. మొన్న ఖాజా భాయ్ టీ తాగుతూ గుర్తుచేశాడు. "ఉరుకుందమ్మా, నువ్వు రిటైరవ్వాలంటే ముందు నిన్ను పనికిరాని సామాను అని రాయల్ల. రాసినాక సంచిలో ఎయ్యల్ల. ఆ తర్వాత వేలం."

మద్దిలేటి ఒక చెవిలోంచి ఇయర్‌ఫోను తీసి మావైపు తిరిగాడు.

"వేలమెప్పుడో చెప్పు భాయ్," అన్నాడు. "అక్కను నేనే పాడుకుంటా. ఒక్క షరతు, బొట్టుతో సహా."